శ్రవణం ఉదయం 7-04 వరకు

2003 ఆగస్టు 12, మంగళవారం, ఉదయం 6 గంటల 35 నిమిషాలు. సికింద్రాబాదు చిలకలగూడలోని ఒక సందులో విజయమ్మ ఇంటి ఫోను మోగింది. ఆ రోజు రాఖీ పున్నమి. జనగామలో ఉన్న తమ్ముడు తాను బయలుదేరానని చెప్పడానికి చేస్తున్నాడనుకుని ఆమె రిసీవరు ఎత్తింది. అవతలి గొంతు తమ్ముడిది కాదు. ఒక నిమిషం విని, రిసీవరును బల్ల మీద పక్కకు పెట్టి, మెట్ల దగ్గరకు వచ్చి కింది వాటాలోకి కేకవేసింది.

"సత్యా, జెర పైకి రా. సింగపూర్ నుంచి ఫోను."

కింది వాటాలో పద్నాలుగేళ్లుగా అద్దెకున్న సత్యవేణి చేతులు తుడుచుకుంటూ పైకి వచ్చింది. భర్త పైడిబాబు క్షేమంగా దిగానని చెప్పబోతున్నాడని ఆమె ఊహ. మాట్లాడింది ఆయన కాదు. ఆయనతో పాటు అదే విమానంలో వెళ్లిన కంపెనీ ఇంజినీరు హరికిషన్.

"అమ్మా, ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు. పైడిబాబు గారికి విమానంలనే గుండె ఆగిపోయిందమ్మా. ఎయిర్‌పోర్టు నుంచి సీదా హాస్పిటల్‌కు తీసుకొచ్చినం. ఎనిమిదీ పదికి డాక్టర్లు లేడని చెప్పేశిండ్రు."

సత్యవేణి ఎదురుగోడ మీది గడియారం చూసింది. 6 గంటల 38 నిమిషాలు.

"ఇంకా ఎనిమిది అవ్వలేదు కదండీ," అంది. "మీకెవరో తప్పు చెప్పీసినట్టున్నారు."

సింగపూరు గడియారం మన గడియారం కన్న రెండున్నర గంటలు ముందు నడుస్తుంది. అక్కడి 8 గంటల 10 నిమిషాలు ఇక్కడి 5 గంటల 40 నిమిషాలు. హరికిషన్ తన కళ్లెదుట ఉన్న గడియారంలోని సమయమే చెప్పాడు; అందులో పొరపాటు లేదు. ఆ సమయం ఏ ఊరిదో చెప్పాలన్న ఆలోచన ఆ స్థితిలో అతనికి రాలేదు. అడగాలన్న ఆలోచన ఈమెకు రాలేదు.

ఆమె కిందికి దిగి వచ్చి, ముందుగదిలో కుట్టుమిషను పక్కన కూర్చుంది. ఇరుగుపొరుగు వారు వచ్చారు. ఎవరు ఏమడిగినా "ఎనిమిది అవ్వనీండి" అంటూ ఉండిపోయింది. దుఃఖంతో మతి చలించిందనుకున్నారు. ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతున్న కూతురు కుమారి తల్లి చేయి పట్టుకుని కూర్చుంది. గడియారంలో 8 గంటల 10 నిమిషాలు దాటాక సత్యవేణి ఏడ్చింది. ఆ తరువాత ఒకటిన్నర రోజుల పాటు ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు.

పైడిబాబు 1957లో భీమునిపట్నానికి ఉత్తరాన ఉన్న ఒక పల్లెలో పుట్టాడు. తండ్రికి కొద్దిపాటి జీడితోట ఉండేది. దాన్ని అన్న ఎల్లాజీ చూసుకున్నాడు. పైడిబాబు విశాఖపట్నంలో ఐటిఐ ఎలక్ట్రికల్ చదివి, 1980లో సికింద్రాబాదు వచ్చి, రాణిగంజ్‌లో వోల్టేజి స్టెబిలైజర్లు బాగుచేసే దుకాణంలో చేరాడు. నాలుగేళ్లకు పెళ్లయింది. 1989లో, కుమారికి మూడేళ్లు నిండేసరికి, చిలకలగూడలో ఈ వాటాలోకి మారారు. ఇంటివారు విజయమ్మ, ఆమె భర్త జంగయ్య. ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు.

తొంభైల మధ్య నుంచి ఊళ్లో కంప్యూటర్లు పెరిగాయి. మొదట అమీర్‌పేటలో శిక్షణ కేంద్రాలు, తరువాత మాదాపూర్‌లో అద్దాల భవనాలు. కరెంటు మాత్రం పూర్వపు కరెంటే. వేసవిలో రోజుకు నాలుగైదు సార్లు పోయేది. అందువల్ల యుపిఎస్ యంత్రాలకు, వాటి బ్యాటరీలకు, వాటిని కనిపెట్టుకుని ఉండే మనుషులకు గిరాకీ వచ్చింది. 1996లో పైడిబాబు ఒక యుపిఎస్ కంపెనీలో సర్వీసు మెకానిక్‌గా చేరాడు. ఆయన పని చేసే చోట్లకు సందర్శకులు వచ్చేవారు కారు. భవనాల నేలమాళిగలలో, వరసగా పేర్చిన బ్యాటరీల మధ్య, ప్రతి సెల్లునూ మీటరుతో విడివిడిగా చూసేవాడు. మీటరు పెట్టే ముందు అరచేతిని తిప్పి వెనుకవైపుతో సెల్లు గోడను తాకేవాడు. వేడిని అరచేతి కన్న చేతి వెనుకభాగం త్వరగా పసిగడుతుందని ఆయన అనుభవం. ఇంట్లో కుమారికి జ్వరం వచ్చినా అలాగే చూసేవాడు.

2003లో కంపెనీ కొత్త రకం యంత్రాలు తెప్పించింది. వాటి నిర్వహణ నేర్చుకోవడానికి హరికిషన్‌నూ, పైడిబాబునూ పది రోజులకు సింగపూరు పంపింది. పైడిబాబుకు నలభై ఆరేళ్లు; విమానం ఎక్కడం అదే మొదలు. గోళం మీద అతి దగ్గరి దారిన కొలిస్తే బేగంపేట నుంచి సింగపూరుకు సుమారు 3,310 కిలోమీటర్లు. ఆ విమానానికి పట్టే సమయం 4 గంటల 25 నిమిషాలు. టికెట్టు మీద బయలుదేరే సమయం 00.20 అనీ, చేరే సమయం 07.15 అనీ ఉంది. ఈ రెండూ ఆయా ఊళ్ల గడియారాల ప్రకారం అచ్చువేస్తారు గనుక, ఒకదానిలోంచి మరొకటి తీసివేస్తే వచ్చే ఆరు గంటల యాభై అయిదు నిమిషాలు ఏ ప్రయాణికుడూ ఆకాశంలో గడపడు.

ఈ తేడా మామూలుగా ఎవరికీ నష్టం చేయదు. దిగినవాడు గడియారం ముళ్లు తిప్పుకుంటాడు, అంతటితో సరి. ఇక్కడ అలా జరగలేదు.

13వ తేదీ ఉదయం ఎల్లాజీ రైలు దిగి వచ్చాడు. అరవై ఏళ్ల మనిషి. రాగానే తమ్ముడు ఏ సమయంలో పోయాడని అడిగాడు. కుమారి హరికిషన్ చెప్పిన సమయం చెప్పింది. ఎల్లాజీ కండువాతో కళ్లు ఒత్తుకుని, లేచి, గోడకున్న తెలుగు క్యాలెండరు దగ్గరకు వెళ్లాడు. మంగళవారం గడిలో సన్నని అక్షరాలతో ఉంది: పూర్ణిమ, శ్రవణం ఉదయం 7-04 వరకు. శ్రవణం తరువాతి నక్షత్రం ధనిష్ఠ.

ధనిష్ఠ మొదలు రేవతి దాకా ఉన్న అయిదు నక్షత్రాలను పంచకం అంటారు. ఆ అయిదింటిలో మనిషి పోతే ఆ ఇంటిని కొన్ని నెలలు విడిచిపెట్టాలని చాలా కుటుంబాలలో పట్టింపు ఉంది. ధనిష్ఠకు ఆరు నెలలు. పోయినవాడు బయట పోయినా, శవం గడప దాటి లోపలికి వస్తే ఆ దోషం ఇంటిని పట్టుకుంటుందని ఎల్లాజీ ఊరివారి నమ్మకం. విజయమ్మ వైపు వారి నమ్మకమూ దాదాపు అదే.

ఎల్లాజీ పైకి వెళ్లి, విజయమ్మ ఫోను నుంచి తమ ఊరి సిద్ధాంతిని అడిగాడు. "మంగళవారం పొద్దున్న ఎనిమిదీ పదికండి" అని మాత్రమే చెప్పాడు. సిద్ధాంతి ధనిష్ఠ అనే చెప్పాడు. అడిగిన ప్రశ్నకు అదే సరైన జవాబు.

సాయంత్రం అందరూ ముందుగదిలో కూర్చున్నారు. మరుసటి రోజు ఉదయం బేగంపేట కార్గో గేటు దగ్గర శవపేటికను అప్పగిస్తారు. దాన్ని ఇంటికి తేవాలా, నేరుగా బన్సీలాల్‌పేట శ్మశానానికి తీసుకుపోవాలా అన్నది తేల్చాలి.

"నేరుగా అక్కడికే," అన్నాడు ఎల్లాజీ. "నా తమ్ముడు నాకు బరువా? కానీ ఇంట్లో ఆడపిల్లుంది. మా వీధిలో ఒకడు పంచకంలో పోతే తాళం వెయ్యలేదు. ఏడాది తిరగలేదు, ఇంకో రెండు పాడెలు లేచీసినాయి."

కుమారి తలెత్తింది. "పెదనాన్నా, ఎనిమిదీ పది అన్నది సింగపూర్ టైము. మనకి అప్పుడు ఐదూ నలభై. అప్పటికి ధనిష్ఠ రాలేదు."

"గడియారం ముల్లు జరిపీస్తే సుక్క జరిగిపోద్దేటే, అమ్మీ?"

"చుక్క జరగదు. అదే నేనూ అంటున్నాను."

"మరి మీ నాన్న పోయిందెక్కడ? అక్కడా, ఇక్కడా?"

"అక్కడే."

"అక్కడ పోయినోడికి అక్కడి టైమే గదా."

"అయితే పంచాంగం కూడా అక్కడిదే చూడాలి!"

"సింగపూర్ పంచాంగం ఎక్కడ దొరుకుద్దే? మోండా మార్కెట్లో అమ్ముతారా?"

కుమారి వాదం సరైనదే. భూమి మీద ఏ ఊరి నుంచి చూసినా చంద్రుడు ఒక నక్షత్రం నుంచి మరొక నక్షత్రంలోకి మారే క్షణం ఒక్కటే. దానికి ఊరికొక పేరు పెట్టేది గడియారాలు. పదిహేడేళ్ల పిల్ల, తండ్రి పోయిన మరునాడు, ఇంతకన్న బాగా దాన్ని చెప్పలేకపోయింది.

విజయమ్మ గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని ఉంది. ఆమె ఇబ్బంది వేరు. ఇల్లు ఒకటే, వాటాలే రెండు; కింద తాళం పడితే పైనా పడాలి.

"సత్యా, పద్నాలుగేండ్లాయె," అంది. "నీ పెనిమిటిని బైట పండబెట్టుమనే నోరు నాకు లేదు. గని ఆర్నెల్లు ఇల్లిడిశి మేం యాడికి పోవాలె? ఈయనకు షుగరు. దినాం సూది."

"నా సూది ముచ్చట గిప్పుడెందుకే?" అన్నాడు జంగయ్య, పక్క నుంచి.

"ఊకో నువ్వు. పరేషాన్ల ఉన్న నేను."

సత్యవేణి అందరి వైపూ ఒకసారి చూసింది. ఒకటిన్నర రోజుల తరువాత ఆమె మొదటి మాట ఇదే.

"ఆయన్ని రోడ్డు మీద నుంచి రోడ్డు మీదకే పంపించీకండి, బావగారూ. ఒక్కసారి లోపలికి రానివ్వండి. తరవాత నేనూ పిల్లా ఎక్కడికైనా పోతాం."

"నా చేతులతో నేను ఆ పని సెయ్యలేనమ్మా," అని ఎల్లాజీ లేచి బయటికి వెళ్లాడు. శవపేటికను నేరుగా బన్సీలాల్‌పేటకే తీసుకుపోవాలని నిశ్చయమైంది. సింగపూరులో హరికిషన్ అప్పటికే విమానాశ్రయానికి బయలుదేరి ఉన్నాడు. జంగయ్య అతని సెల్‌ఫోనుకు చేసి ఆ మాట చెప్పాడు.

ఆ కాలంలో చిలకలగూడలో మంచినీళ్లు దినం తప్పించి దినం వచ్చేవి. అంతకు ముందు వచ్చింది మంగళవారం. మళ్లీ గురువారం, 14వ తేదీ. ఉదయం ఏడు గంటలకు పది నిమిషాలుండగా నల్లా బుసకొట్టి, కొంత గాలి వదిలి, సన్నని ధార పట్టింది. విజయమ్మ మొదటి బిందె కింద పెట్టింది. అది నిండింది, పొంగి గచ్చు మీదికి పారింది. ఆమె తీయలేదు. రెండో బిందె చేతిలోనే ఉంది.

"ఓ, వింటున్నవా?" అని భర్తను పిలిచింది. "మంగళారం గా ఫోనొచ్చినప్పుడు నల్లా ఒచ్చిందా?"

జంగయ్య రేడియో పక్కన కూర్చుని ఉన్నాడు. "ఏం ఫోను?"

"సింగపూర్ ఫోను. నేను బిందెలు లైన్ల పెట్టి ఉన్న. తమ్ముడనుకుంట ఉరికిన. నల్లా ఇంకా రాలే. సత్యను పిలిచినంక, ఆమె కిందికి పోయినంక ఒచ్చింది నల్లా. ఆ దినం నీళ్లు పట్టబుద్ధి కాలే, నల్లా బంద్ జేసి కిందికి పోయిన."

జంగయ్య ఆలోచించాడు. "నల్లా సంగతి నాకెర్క లేదు. ఆరూ నలభై ఐదు వార్తలు మాత్రం షురూ కాలే. ఆమె ఫోన్ల మాట్లాడుతుంటే రేడియో బంద్ చేసిన. మళ్ల పెట్టినప్పుడు వార్తలు అప్పుడే మొదలైనయి."

విజయమ్మ నల్లా కట్టేయకుండానే మెట్లు దిగింది. ఎల్లాజీ వాకిట్లో పళ్లు తోముకుంటున్నాడు.

"అన్నా, గా క్యాలెండర్ల ధనిష్ఠ ఎప్పుడొచ్చిందని ఉంది?"

"ఏడూ నాలుగుకి."

"ఫోను ఒచ్చింది ఆరున్నరకు. నేనే ఎత్తిన. నల్లా సుత రాలే అప్పటికి."

ఎల్లాజీ నోరు పుక్కిలించి ఉమ్మాడు. "పంచాంగం పోయి నల్లా వచ్చిందేటమ్మా ఇప్పుడు? నీళ్ల పంపు సెప్తుందా జాతకం?"

"నల్లా చెప్తలేదు, నేను చెప్తున్న. నా చెవుతోని విన్న. గడియారం గీ ఊరిదైతేంది, గా ఊరిదైతేంది, నాకు తెల్వదు. సావు కబురు ముందుగాల ఒచ్చి, మనిషి ఎన్కసీరి సస్తడా అన్నా?"

ఎల్లాజీ చెంబు కింద పెట్టాడు. తువ్వాలుతో మూతి తుడుచుకోవడం మధ్యలో ఆపేశాడు. కుమారి గుమ్మంలోకి వచ్చింది. నిన్న తాను లెక్కకట్టి చెప్పినది కూడా ఇదేనని గుర్తు చేయలేదు.

"మరి నిన్ననే సెప్పొచ్చు గదమ్మా," అన్నాడు ఎల్లాజీ.

"నిన్న యాదికి రాలే. నీళ్లు పడుతుంటే యాదికొచ్చింది."

సత్యవేణి లోపలి నుంచి నెమ్మదిగా అంది. "నేను చెప్పేను కదా. ఎనిమిది అవ్వలేదని."

ఎల్లాజీ మళ్లీ సిద్ధాంతికి ఫోను చేశాడు. ఈసారి విమానం సంగతి, సింగపూరు సంగతి, ఆరున్నరకు వచ్చిన కబురు సంగతి వరుసగా చెప్పాడు. సిద్ధాంతి కబురు వచ్చిన సమయాన్ని రెండుసార్లు అడిగి నిర్ధారించుకుని, శ్రవణమేననీ, దోషం లేదనీ, ఈ మాట మొదటే చెప్పవలసిందనీ అన్నాడు. ఎల్లాజీ రిసీవరు పెట్టి, ఆ చేత్తోనే కళ్లు మూసుకున్నాడు. తరువాత, అప్పటికే బేగంపేటలో దిగిన హరికిషన్‌కు తానే ఫోను చేశాడు.

"బాబూ, మా తమ్ముణ్ణి ఇంటికి తెచ్చీయండి."

సత్యవేణి లేచింది. కుట్టుమిషనును కుమారి సాయంతో ముందుగది నుంచి వాకిట్లోకి దించింది. పక్కింటివారు చేయవేయబోతే వద్దంది. గది ఊడ్చింది, తడిగుడ్డ పెట్టింది. తల దక్షిణానికి వచ్చేటట్లు చాప పరిచింది. జంగయ్య పైనుంచి సుత్తి తెచ్చి, ఏళ్లుగా తుప్పుపట్టి బిగుసుకున్న రెండో తలుపు రెక్క గడియను కొట్టి ఊడదీశాడు. ఒక్క రెక్క తెరిస్తే పేటిక పట్టదు.

బేగంపేట కార్గో గేటు నుంచి చిలకలగూడకు ఆరు కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ. అంబులెన్సు 10 గంటల 20 నిమిషాలకు సందులోకి వచ్చింది. పేటికను ఎల్లాజీ, హరికిషన్, ఇంకో ఇద్దరు 10 గంటల 25 నిమిషాలకు లోపలికి మోశారు. గడప దగ్గర ఎల్లాజీ ఒక క్షణం ఆగి, ముందు తన కుడికాలు లోపల పెట్టాడు. మూత తీసి, పైడిబాబును చాప మీద పడుకోబెట్టారు. సత్యవేణి ఆయన నుదుటిని అరచేతి వెనుకభాగంతో తాకి చూసింది.

హరికిషన్ గోడ వారగా నిలబడ్డాడు. రెండు రాత్రులుగా నిద్రలేదు. ఆమె అడగకముందే చెప్పడం మొదలుపెట్టాడు.

"భోజనం పెట్టినంక సీటు ముందర స్క్రీన్ల మ్యాపు చూసుకుంట కూర్చున్నరమ్మా. 'సార్, ఇంకా పదహారు వందల యాభై కిలోమీటర్లు, సగం దూరం అయిపోయింది' అన్నరు. సంబురంగనే ఉండె. నేను దుప్పటి కప్పుకొని పండుకున్న. దిగేటప్పుడు బెల్టు పెట్టుకోమంటే లేపిన. లేవలే." అతను గోడకు ఆనుకున్నాడు. "నేను పండుకోకుంటే బతుకుతుండెనేమో."

"మీరేం చేస్తారు బాబూ," అంది సత్యవేణి. "నొప్పి పడ్డారా?"

"లేదమ్మా. దుప్పటి ఎట్ల కప్పుకున్నరో అట్లనే ఉంది. దిగేదానికి కనీసం గంట ముందే అయిపోయిందని డాక్టరు చెప్పిండు."

"అప్పుడు కింద ఏముంది?"

"సముద్రం."

"మా భీమిలి సముద్రమేనా?"

హరికిషన్ ఎల్లాజీ వైపు చూసి, తల ఊపాడు. "ఆ సముద్రమేనమ్మా. జెర ముంగటికి."

దిగడానికి గంట ముందు ఆ విమానం సింగపూరుకు సుమారు ఏడువందల యాభై కిలోమీటర్ల దూరంలో, అండమాను సముద్రం ముగిసి మలక్కా జలసంధి మొదలయ్యే ప్రాంతం మీద ఉండి ఉంటుంది. బంగాళాఖాతపు నీరే అక్కడి దాకా పోతుంది. హరికిషన్ చెప్పినది అబద్ధం కాదు.

విజయమ్మ పైనుంచి మంగళవారం నాటి రాఖీ పళ్లెంలో మిగిలిన కుంకుమ కాకుండా, కొత్త పొట్లం విప్పి తెచ్చి సత్యవేణికి ఇచ్చింది. కుమారి తండ్రి కాళ్ల దగ్గర కూర్చుని రెండు పాదాలూ పట్టుకుంది. ఎల్లాజీ వాకిట్లో వెదురు పాడె కట్టించాడు. శ్మశానంలో వారు చెప్పిన వేళ దగ్గర పడడంతో 11 గంటల 5 నిమిషాలకు నలుగురూ వంగి ఆయనను లేపారు.

పైడిబాబు తన ఇంట్లో ఉన్న సమయం 40 నిమిషాలు.